నా పని ఆపడం

బ్యాండ్‌లో ఏం వాయిస్తావని ఎవరైనా అడిగితే బేస్ గిటార్ అంటాను. "అంటే గిటారేగా?" "గిటారు లాంటిదే, నాలుగు తీగలుంటాయి." "మిగతా రెండూ తెగిపోయాయా?" పదకొండేళ్లుగా ఈ జోకుకి మొదటిసారి విన్నట్టే నవ్వుతున్నాను. మా పెదనాన్న ఒకసారి మా ప్రోగ్రాం మొత్తం ముందు వరసలో కూర్చుని చూశాడు. ఇంటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "బాగానే చేశావు గానీ, నీ దానికి కరెంటు ఇచ్చినట్టు లేదురా వాళ్లు" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. నాకు నిజంగానే అన్యాయం జరిగిందని బాధపడ్డాడు.

మాది కవర్ బ్యాండ్. సొంత పాట ఒక్కటీ లేదు, చేయాలన్న ఆలోచనా లేదు. ఐదుగురం: పాడే అమ్మాయి, గిటారు, కీబోర్డు, డ్రమ్స్, నేను. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. వారానికి ఒకరోజు రిహార్సల్ అనుకుంటాం, అదీ ఎవరో ఒకరికి కుదరదు. ఏడాదికి ఏడెనిమిది ప్రోగ్రాములు. ఇంత చిన్న వ్యవహారంలోనూ ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది. పాటని రికార్డులో ఉన్నట్టే వాయించాలా, మనకి నచ్చినట్టు మార్చుకోవాలా? మా గిటారిస్టుది మొదటి పక్షం. సోలోలో ఒక్క నోట్ పక్కకి పోయినా వాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. డ్రమ్మర్‌ది రెండో పక్షం. "ఉన్నది ఉన్నట్టు కావాలంటే ఇంట్లో పాట పెట్టుకుంటారు, మన దగ్గరికెందుకు రావడం?" అంటాడు. కొత్త పాట ఎత్తుకున్న ప్రతిసారీ ఈ పంచాయితీ జరుగుతుంది, ప్రతిసారీ నన్ను సాక్షిగా పిలుస్తారు.

చాలాకాలం అటూ ఇటూ ఊగాను. ఇప్పుడు మాత్రం నాకొక అభిప్రాయం ఉంది. బేస్ వరకూ ఇద్దరూ తప్పే. ఏ నోట్లు వాయించాలన్న దాని మీదే ఇద్దరూ కొట్టుకుంటున్నారు. వినేవాడికి బేస్‌లో ఏ నోట్ పడిందో చాలాసార్లు తెలీదు. అది ఎక్కడ ఆగిందో మాత్రం ఒంటికి తెలుస్తుంది. అందుకే కవర్ బ్యాండ్‌లో బేస్ వాయించేవాడు రికార్డు నుంచి ముందు ఎత్తుకోవాల్సింది నోట్ల నిడివిని, వాటి మధ్య ఉన్న ఖాళీలని. నోట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. (నోట్లు అంటే స్వరాలు. ప్రోగ్రాములకి మాకిచ్చే ఆ రెండో రకం నోట్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.)

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. బాగా సిగ్గుపడి తెలుసుకున్నాను.

నేను మొదట గిటారిస్టుని, కనీసం నా లెక్కలో. బ్యాండ్‌లో చేరేనాటికి నాకన్నా బాగా వాయించేవాడు అక్కడ అప్పటికే ఉన్నాడు. బేస్ వాయించే కుర్రాడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, బేస్ మాత్రం రిహార్సల్ గది మూలన ఉండిపోయింది. "నాలుగు తీగలే కదా, నువ్వు చూసుకోరా" అన్నారు. చాలామంది బేసిస్టులు ఇలాగే తయారవుతారు, ఇంకెవరో రాకపోవడం వల్ల. 1961లో స్టూవర్ట్ సట్‌క్లిఫ్ బీటిల్స్ నుంచి తప్పుకుంటే బేస్ పాల్ మెకార్ట్నీ మెడకి చుట్టుకుంది. క్యారల్ కే స్టూడియోల్లో గిటారు వాయించుకునేది. 1963లో ఒకరోజు రికార్డింగుకి రావాల్సిన బేసిస్టు రాలేదు, ఆమె చేతికి బేస్ ఇచ్చారు. ఆ తర్వాత అమెరికాలో అందరికన్నా ఎక్కువ రికార్డింగులు చేసిన బేసిస్టుల్లో ఆమె ఒకరైంది. వాళ్ల సరసన కూర్చోవాలని ఇదంతా చెప్పడం లేదు. పోలిక ఆ గైర్హాజరు వరకే.

గిటారు నుంచి వచ్చినవాడికి ఒక జబ్బుంటుంది. ఖాళీ కనిపిస్తే నింపేస్తాడు. నేనూ అంతే. పల్లవికీ చరణానికీ మధ్య నాలుగు మాత్రల జాగా దొరికితే అందులో ఎనిమిది నోట్లు కూరేవాణ్ని. కీబోర్డు వాయించే అతను ఒకసారి ఆపి, "అన్నా, ఆ మధ్యలో పరిగెత్తినట్టు వస్తోంది, అది పాటలో ఉందా?" అని అడిగాడు. ఉందని చెప్పాను. లేదు.

ప్రతి ప్రోగ్రామునీ ఎవరో ఒకరు ఫోన్లో తీసేవారు, తర్వాత అందరం కలిసి వినేవాళ్లం. ఫోన్లో నేను ఉండను. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ఇ తీగ, ఏమీ నొక్కకుండా మీటితే సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది. అరచేతిలో పట్టే స్పీకరు అంత కిందికి దిగలేదు. ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్లో పాట విన్నప్పుడు కూడా మనకి బేస్ ఉన్నట్టే అనిపించడానికి కారణం మన మెదడే. ఆ స్వరానికి పైన పుట్టే అనుస్వరాలని పట్టుకుని, అడుగున ఉండాల్సిన దాన్ని తనే ఊహించుకుంటుంది. జనం ఈలల మధ్య తీసిన వీడియోలో ఆ ఊహకి కూడా ఏమీ దొరకదు. అలా రెండేళ్లు గడిచాయి. నేను బాగా వాయిస్తున్నాననే అనుకున్నాను. కాదనడానికి సాక్ష్యం లేదు కదా.

సాక్ష్యం ఒక సౌండ్ ఇంజినీరు ఇచ్చాడు, పెన్ డ్రైవ్‌లో. మిక్సర్ నుంచి ఎవరి ఛానల్ వాళ్లకి విడిగా రికార్డు చేసిపెట్టాడు, అడక్కుండానే. ఇంటికెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా ఛానల్ ఒక్కటే విన్నాను. ఒక్క తప్పు నోట్ లేదు. తాళం కూడా పెద్దగా తప్పలేదు. కానీ భరించలేకపోయాను. తడిసిన బూట్లతో ఎవరో ఇల్లంతా తిరుగుతున్నట్టుంది. ప్రతి నోటూ తర్వాతి నోట్ మీదకి కారుతోంది. ఒక తీగ మీదనుంచి ఇంకో తీగకి మారినప్పుడు మొదటిది ఇంకా మోగుతూనే ఉంది. నేను ముట్టుకోని తీగలు కూడా పక్క తీగల ఊపుకి సన్నగా రొద పెడుతున్నాయి. మూడో పాట సగంలో ఆపేశాను.

గిటారు మీద ఇంత తేడా తెలీదు, ఎందుకంటే గిటారు నోట్ త్వరగానే చచ్చిపోతుంది. బేస్ తీగ లావు, పొడవు. మామూలుగా వంతెన (కింద తీగలు ఆనే చోటు) నుంచి మెడ చివరి దాకా 34 అంగుళాలు. కొత్త తీగలు వేసి ఒకసారి మీటి వదిలేస్తే వెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు, ఇంకా మోగుతూనే ఉంటుంది. అది దానంతటది ఆగదు. ఎవరో ఒకరు ఆపాలి. డ్రమ్మర్ కొట్టిన దెబ్బ ఎప్పుడు ఆగాలో డ్రమ్మే చూసుకుంటుంది. పాడే అమ్మాయికి ఊపిరి ఉంది, అది అయిపోతుంది. బ్యాండ్ మొత్తంలో చేసిన ప్రతి శబ్దాన్నీ తన చేత్తో తనే చంపాల్సిన బాధ్యత నా ఒక్కడిదే అనిపించింది. (కీబోర్డు అతను ఇది ఒప్పుకోడు. వేలెత్తితే ఆగిపోవడం కష్టమా నాయనా?)

ఈ సంగతి ఆ వాయిద్యం తయారుచేసినవాళ్లకి మొదటినుంచీ తెలుసు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని మార్కెట్లోకి తెచ్చాడు. ఆ పేరు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్ల వల్ల వచ్చింది. ఫ్రెట్లు లేని నిలువు డబుల్ బేస్ మీద స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి, ఇక్కడ ఫ్రెట్ వెనక వేలు పెడితే చాలు, శ్రుతి ఖచ్చితంగా పలుకుతుంది. అంతవరకూ అందరూ చెప్పుకుంటారు. ఆ పాత బేస్‌ల వంతెన మీద ఒక లోహపు మూత ఉండేది, దాని అడుగున ఒక రబ్బరు నురుగు ముక్క. అది తీగల మీద ఆని ఉండి మోతని తొందరగా అణిచేసేది. నిలువు డబుల్ బేస్ వేలితో మీటితే "ధబ్" మని వచ్చి పోతుంది, అప్పటి చెవులకి అలవాటైన శబ్దం అది. ఎలక్ట్రిక్ బేస్ ఎక్కువసేపు మోగడం అప్పట్లో గొప్ప కాదు, సర్దుకోవాల్సిన ఇబ్బంది. తర్వాత్తర్వాత వాయించేవాళ్లు ఆ మూతలు పీకేశారు. ఆ మూతకి "యాష్‌ట్రే" అన్న పేరు మిగిలిపోయింది. నురుగు సంగతి ఎవరికీ గుర్తులేదు.

అమెరికాలో మోటౌన్ అనే కంపెనీ రికార్డుల్లో వినిపించే జేమ్స్ జేమర్సన్ ఆ నురుగుని తీయలేదు. 1962 నాటి ప్రెసిషన్ బేస్, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, మీటడానికి కుడి చూపుడు వేలొక్కటే. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. పాత తీగ మోగదు, మొద్దుగా పలికి ఊరుకుంటుంది, అతనికి కావలసింది అదే. అతని లైన్లు ఇంటర్నెట్‌లో ట్యాబ్‌లుగా (ఏ తీగని ఎక్కడ నొక్కాలో రాసిన కాగితాలుగా) బోలెడన్ని దొరుకుతాయి. వాటిని కొత్త తీగలతో, నిగనిగలాడే యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) బేస్ మీద, ఒక్క నోటూ తప్పకుండా వాయించే కుర్రాళ్లని చూశాను. నోట్లన్నీ ఉంటాయి. జేమర్సన్ ఉండడు. క్యారల్ కే కూడా తీగల మీద ఫెల్ట్ గుడ్డ ఆనించి, చిన్న బిళ్లలాంటి పిక్‌తో వాయించేది. వీళ్లిద్దరి నోట్లూ పొట్టివి, అంచులు తెగినట్టుంటాయి. ఇది ట్యాబ్‌లో రాయరు. ట్యాబ్ అన్నది ఏ తీగ, ఏ ఫ్రెట్ అని మాత్రమే చెబుతుంది, వేలు ఎప్పుడు తీయాలో చెప్పదు. మా గిటారిస్టు "రికార్డులో ఉన్నట్టే" అన్నప్పుడు వాడి చేతిలో ఉండేది ట్యాబ్ కాగితమే.

(జేమర్సన్ మాట వచ్చింది కాబట్టి. మోటౌన్ ఆల్బమ్ అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ మీద గానీ వాళ్ల పేర్లు కనబడలేదు. 1983లో జేమర్సన్ చనిపోయాడు, 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. మా పెదనాన్నకి ఇది చెప్పాలి.)

సరే, పెన్ డ్రైవ్ తర్వాత ఏం చేశానంటే, కొత్త పాటలు నేర్చుకోవడం ఆరు నెలలు మానేశాను. వచ్చిన పాటలనే మళ్లీ మొదటినుంచి విన్నాను, ఈసారి నోట్ ఎక్కడ ఆగుతోందన్న ఒక్కదాని కోసం. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదలు వినిపిస్తుంది, చివర కనిపించదు. గిటారూ కీబోర్డూ దాన్ని కప్పేస్తాయి. పాటని సగం వేగానికి తగ్గించి, పై శబ్దాలన్నీ తగ్గించి, నాలుగు సెకన్ల ముక్కని పదేపదే తిప్పుకుంటూ వినాలి. అలా వింటే ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురైంది. పాట తర్వాత పాటలో, స్నేర్ (డ్రమ్ సెట్‌లో టప్పుమని మోగే డ్రమ్) దెబ్బ పడే చోట బేస్ ఆగిపోతోంది.

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడింది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకీ మధ్య అర సెకను. మామూలు రాక్, పాప్ పాటల్లో ఒకటో దెబ్బకి కాలితో కొట్టే కిక్ డ్రమ్, రెండో దెబ్బకి స్నేర్. నేను ఒకటో దెబ్బకి నోట్ మీటాను. దాన్ని అర సెకను నిండా లాగి, స్నేర్ పడిన తర్వాత కూడా మోగనిచ్చాననుకోండి. స్నేర్ ఆ మోతలో మునుగుతుంది. అదే నోట్‌ని స్నేర్ పడే క్షణానికి సరిగ్గా తుంచేశాననుకోండి. బ్యాండ్ అడుగున ఉన్న పెద్ద శబ్దం ఒక్కసారిగా పక్కకి తప్పుకుంటుంది, ఆ ఖాళీలో స్నేర్ పడుతుంది. డ్రమ్మర్ ముందుకన్నా గట్టిగా కొట్టనక్కర్లేదు, గట్టిగా కొట్టినట్టే వినిపిస్తుంది. ఇంకొంచెం ముందే, సగంలోనే తుంచితే పాట గెంతుతుంది. కిక్, స్నేర్, నోట్, వేగం ఏవీ మారలేదు. వేలు ఎత్తడం ఒక్కటే మారింది.

వేలు ఎత్తడం అన్నాను గానీ, ఎత్తకూడదు. పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ "వొం"మంటుంది. నొక్కడం వదిలి తీగని ముట్టుకునే ఉండాలి. కుడి బొటనవేలు వాయించని లావు తీగల మీద వాలి ఉండాలి. ఎడమచేతి మిగతా వేళ్లు సన్న తీగల్ని తడుముతూ ఉండాలి. అంటే రెండు చేతుల్లో పది వేళ్లుంటే మూడు వాయిస్తాయి, మిగతావి నోళ్లు మూయిస్తాయి. నాకిది అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది.

డ్రమ్మర్ పక్షానికీ ఇక్కడ జవాబుంది. "నీకు నచ్చినట్టు వాయించు" అనడంలో ఉదారత ఉంది, కాదనను. కానీ నచ్చినట్టు అంటే నోట్లు మార్చడం అనే అనుకుంటాడు. నేను నోట్లు మారిస్తే వినేవాడికి చాలాసార్లు పట్టదు. నిడివి మారిస్తే పాట నడకే మారుతుంది, ఎందుకు మారిందో ఎవరికీ అర్థం కాదు, డ్రమ్మర్‌ని అనుమానిస్తారు. లోతైన శబ్దాల విషయంలో మన మెదడు కాలం దగ్గర చాలా పట్టింపుగా ఉంటుంది. 2014లో అమెరికా శాస్త్ర అకాడమీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎత్తు స్వరాన్నీ లోతు స్వరాన్నీ ఒకేసారి వినిపిస్తూ, మధ్యమధ్యలో రెండిట్లో ఒకదాన్ని 50 మిల్లీసెకన్లు ముందుగా వేశారు. లోతు స్వరం ముందుకి జరిగినప్పుడే మెదడు ఎక్కువగా ఉలిక్కిపడింది, వేలితో తాళం వేస్తున్నవాళ్ల వేళ్లు కూడా లోతు స్వరాన్నే ఎక్కువగా అనుసరించాయి. వాళ్లు కొలిచింది నోట్ మొదలుని. చివర విషయంలో కూడా అంతేనని నా చెవి చెప్పే మాట, వాళ్లది కాదు.

బ్యాటరీ కథ చెప్పాల్సింది ఇక్కడే. నా బేస్ యాక్టివ్, అంటే లోపల చిన్న సర్క్యూట్, దానికి 9 వోల్టుల బ్యాటరీ. కేబుల్ జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. రిహార్సల్ అయ్యాక జాక్ పీకకుండా గోడకి ఆనించి వెళ్లిపోయాను, వారం అలాగే ఉంది. తర్వాతి శనివారం ఒక ఆఫీసు వార్షికోత్సవం. ఐదో పాట దాకా బాగానే ఉంది. ఆరో పాటలో శబ్దం కాస్త గరగరలాడింది, ఆంప్లిఫయర్ గొడవేమో అనుకున్నాను. రెండో చరణం మధ్యలో పూర్తిగా పోయింది. నా చేతులు ఆడుతున్నాయి, శబ్దం లేదు. మిగతా నలుగురూ ఆపలేదు. పాటలో అందరికీ వినబడేవన్నీ ఉన్నాయి: గొంతు, గిటారు, కీబోర్డు, డ్రమ్స్. కానీ ముందు వరసల్లో ఆడుతున్నవాళ్లు నెమ్మదించారు. ఎవరూ నా వైపు చూడలేదు. ఒకామె గాయని వైపు చూసింది, ఇద్దరు స్పీకర్ల వైపు చూశారు, ఒకతను తన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఏదో పోయింది, ఏమిటో తెలీదు. పదకొండేళ్లలో నా వాయిద్యాన్ని జనం అంత స్పష్టంగా విన్నది ఆ నిమిషంన్నరలోనే.

ఆ రాత్రి నాకు అవమానం కన్నా గర్వమే ఎక్కువ కలిగింది. ఇది పైకి చెప్పలేదు.

అలాగని బేస్ తీసేస్తే ఏ పాటైనా కూలిపోతుందని కాదు. 1984లో అమెరికన్ గాయకుడు ప్రిన్స్ ఒక పాటని పూర్తిగా రికార్డు చేసి, చివర్లో బేస్ లైన్ మొత్తం తీసేసి విడుదల చేశాడు, అది అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇది నా మీదకి తెచ్చిన సాక్ష్యమే, మా గిటారిస్టు తెచ్చాడు. ఆ పాటలో లేనితనం పాట పొడుగునా వినిపిస్తుంది, దాన్ని ఎంచుకుని పెట్టాడు. బ్యాటరీ అయిపోవడం వేరు. ఆ పాట మా లిస్టులో చేరితే నేను చేతులు కట్టుకుని నిలబడతానని చెప్పాను. ఇంకా చేరలేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దానికి నేను తలవంచుతాను. కొన్ని పాటల్లో బేసే పాట. ఇళయరాజా పాటలు తీసుకోండి. అక్కడ బేస్ కార్డుల (ఒకేసారి కలిపి పలికే స్వరాల) కింద కూర్చుని ఉండదు, గాయకుడితో పాటు తన దారిన తనో రాగం పాడుకుంటూ పోతుంది. ఆయన ప్రతి వాద్యానికీ స్వరాలు రాసిచ్చేవాడు, అక్కడ ఒక్క నోట్ తప్పించినా అల్లిక విడిపోతుంది. అలాంటి పాట వచ్చినప్పుడు నేను మా గిటారిస్టు పార్టీలో చేరిపోతాను, నోరెత్తను. మా లిస్టులో ఉన్న ముప్పై పాటల్లో అలాంటివి ఐదారు. మిగతావాటిలో రూట్ నోట్ (కార్డుకి పునాది స్వరం) సరిగ్గా ఉంటే మధ్యలో నేను ఐదో స్వరం వాయించానా, పై స్థాయి షడ్జమం వాయించానా అన్నది నాకూ డ్రమ్మర్‌కీ తప్ప ఎవరికీ అక్కర్లేదు.

రూట్ మాత్రం సరిగ్గా ఉండాలి. నోట్లు తర్వాత అన్నాను గానీ, అడుగు నోట్‌కి ఉన్న అధికారం భయంకరమైనది. గిటారు సి మేజర్ కార్డ్ వాయిస్తోంది: సి, ఇ, జి. నేను కింద ఎ వాయిస్తే అది ఎ మైనర్ సెవెన్త్ అయిపోతుంది. గిటారిస్టు చేయి కదలలేదు, కానీ వెలుగున్న చోట దిగులు కమ్ముకుంటుంది. ఒకసారి ఇదే నా కొంప ముంచింది. మా గిటారిస్టు రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే క్లిప్పు) బిగించుకుని, అలవాటు కొద్దీ "జి లో రా, జి" అని అరిచాడు. వాడి వేళ్లు జి ఆకారంలో ఉన్నాయి, పలుకుతున్నది ఎ. నేను నిజాయితీగా జి వాయించాను. గాయని వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా ఇద్దరిదీ తప్పు కాదని మేమిద్దరం ఇప్పటికీ అనుకుంటాం, తప్పు ఎదుటివాడిదని కూడా అనుకుంటాం.

శ్రుతి మార్చడం దగ్గర నా వాదనకి అసలు పరీక్ష వస్తుంది. కవర్ బ్యాండ్‌లో శ్రుతి గొంతుని బట్టి నడుస్తుంది. రికార్డులో పాడింది ఒకరు, మా దగ్గర పాడేది ఇంకొకరు. ఇ లో ఉన్న పాట మా అమ్మాయికి డి లో కావాలి. కీబోర్డు అతను బటన్ నొక్కుతాడు. గిటారిస్టు కాపో జరుపుతాడు, లేదా ఇంకో ఆకారం పడతాడు. నాకు అడుగున డి అనేదే లేదు, నా బేస్ ఇ దగ్గర అయిపోతుంది. మూడు దార్లు. ఐదు తీగల బేస్ కొనడం. ఇ తీగని డి దాకా వదులు చేయడం. లేదా పై డి వాయించడం. నోట్ల లెక్కన మూడూ ఒకటే, డి అంటే డి. కానీ వదులు చేసిన తీగ ఎక్కువ ఊగుతుంది, మెత్తగా మోగుతుంది, ఆపడానికి ఇంకాస్త ముందే చెయ్యి వేయాలి. పై డి తొందరగా, శుభ్రంగా ఆగుతుంది, బరువు ఉండదు. అసలు పాటలో ఖాళీ తీగ బరువుగా మోగుతూ ఉంటే నేను తీగని వదులు చేస్తాను. గెంతే పాటైతే పైకి పోతాను, లోతు పోయినా సరే. రెండు పాటల మధ్య నేను ట్యూనర్ పెడల్ నొక్కి శ్రుతి చేసుకుంటుంటే మా అమ్మాయి జనంతో కబుర్లు చెబుతుంది. ఆ కబుర్లు బాగుంటాయని చాలామంది అన్నారు. నా వల్లే.

హాలు ఇంకో తలనొప్పి. 41 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిది మీటర్ల పైన ఉంటుంది, చాలా గదుల కన్నా అదే పొడవు. గోడల మధ్య అది తిరిగి తిరిగి, ఒక మూలన ఉప్పొంగి ఇంకో చోట మాయమైపోతుంది. ఒక అడుగు పక్కకి జరిగితే నా శబ్దం నాకే వినబడని హాళ్లు చూశాను. పెద్ద ఖాళీ హాల్లో నేను తుంచిన నోట్‌ని గోడలు ఇంకాసేపు మోగిస్తాయి. రికార్డులో ఉన్నంత నిడివితో స్టేజీ మీద వాయిస్తే, వినేవాడి దగ్గరికి చేరేసరికి అది పొడుగైపోతుంది. అందుకని హాల్లో ఇంకా పొట్టిగా వాయించాలి, నా చెవికి మరీ ఎండిపోయినట్టు అనిపించేంత పొట్టిగా. అంటే రికార్డులో ఉన్నట్టు వినబడాలంటే రికార్డులో లేనట్టు వాయించాలి. ఈ ముక్క మా గిటారిస్టుకి చెప్పినప్పుడు, "ఇదేదో డ్రమ్మర్ మాటలా ఉంది" అన్నాడు. డ్రమ్మర్‌కి చెబితే, "చూశావా, నీకూ కాపీ కొట్టడమే కావాలి" అన్నాడు.

సౌండ్ చెక్‌లో ఇప్పుడు నేను చేసే పని ఒకటే. ఒక్క నోట్ మీటి, ఆపి, హాలు ఎంతసేపటికి ఆగుతుందో వింటాను. సౌండ్ అతను మైకులో "ఏదైనా వాయించండి సార్" అంటాడు. మళ్లీ అదే నోట్ మీటి ఆపుతాను.

మొన్నటి ప్రోగ్రాములో ఇరవై పాటలు చేశాం. చాలా పాటల్లో నేను ఒక్క సొగసు నోట్ కూడా వేయలేదు. స్నేర్ పడ్డ ప్రతిచోటా తప్పుకున్నాను, అంతే. అయిపోయాక ముగ్గురు స్టేజీ దగ్గరికి వచ్చారు. అందులో ఒకాయన డ్రమ్మర్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఈసారి డ్రమ్స్ అదిరిపోయింది బ్రదర్, పోయినసారి ఇంత పవర్ లేదు, ఏమైనా కొత్త సెట్టా?" అని అడిగాడు. సెట్టు పాతదే, తోలు కూడా మార్చలేదు. డ్రమ్మర్ ఆయన భుజం మీదుగా నా వైపు చూసి కన్ను కొట్టాడు. తర్వాత ఆయనకే థాంక్స్ చెప్పాడు, "బాగా ప్రాక్టీస్ చేశానండి" అని కూడా చెప్పాడు. నేను అప్పటికి వంగి జాక్ పీకుతున్నాను.